కార్బ్యురేటర్ ఉన్న పాత కారుకు ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు: బిగించడం ఎలా, ఆగేలా చేయడం ఎలా

పాత కార్లు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఇంజిన్ పక్కనున్న మెకానికల్ పంపు తీసేసి కరెంటు పంపు పెట్టుకోవచ్చా? ఏది కొనాలి? వైర్లు ఎక్కడ కలపాలి? పెట్టుకోవచ్చు. పంపు బిగించడానికి ఒక పూట చాలు. ఇంజిన్ ఆగిన వెంటనే పంపు కూడా ఆగేలా చేయడానికి ఇంకో పూట పడుతుంది. చాలామంది మొదటిది చేసి, బండి స్టార్టయిందని సంబరపడి, రెండోది వదిలేస్తారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రెండో పూటే.

మెకానికల్ పంపు కామ్‌షాఫ్ట్ తిరిగితేనే పనిచేస్తుంది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. కరెంటు పంపుకు ఇంజిన్ సంగతే తెలియదు. గుద్దుకున్న బండిలో పైపు తెగి, ఇంజిన్ ఆగి, తాళం మాత్రం ఆన్‌లోనే ఉందనుకోండి. పంపు ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పెట్రోలును రోడ్డు మీదకు తోడుతూనే ఉంటుంది.

అసలు అవసరమేనా?

బండి వారాల తరబడి కదలకపోతే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోతుంది. అప్పుడు సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజిన్ వేడికి పైపులో పెట్రోలు ఆవిరిగా మారి, పంపు ఉత్త గాలినే లాగుతుంది. పాత పంపుకు డయాఫ్రమ్ (లోపల కొట్టుకునే పల్చటి పొర) దొరకకపోవచ్చు. ఈ మూడింటికీ ఎలక్ట్రిక్ పంపు మంచి మందు.

ట్యాంకులో తుప్పు ఉన్నా, క్యాప్‌లో గాలి రంధ్రం మూసుకుపోయినా, కార్బ్యురేటర్ లోపలి నీడిల్ వాల్వు అరిగినా కొత్త పంపుతో ఏమీ మారదు. నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోతే వెంటనే పెట్రోల్ క్యాప్ తెరిచి చూడండి. ‘ఉస్’మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మీకు కావాల్సింది పంపు కాదు, క్యాప్.

ఏ పంపు కొనాలి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పంపు ఎంత బలమైనదైతే అంత మంచిదనుకుంటారు. కార్బ్యురేటర్ లోపల పెట్రోలును ఆపేది ఒక చిన్న నీడిల్ వాల్వు. దాన్ని పైకి నొక్కి పట్టుకునేది తేలికపాటి ఫ్లోట్. ఒత్తిడి ఆ ఫ్లోట్ బలాన్ని మించితే వాల్వు మూసుకోదు, పెట్రోలు పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది.

ఎస్‌యూ, స్ట్రాంబర్గ్, సోలెక్స్, వెబర్ కార్బ్యురేటర్లకు సాధారణంగా 2 నుంచి 3.5 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) సరిపోతుంది. హోలీ రకానికి 5 నుంచి 7 దాకా నడుస్తుంది. మీ కార్బ్యురేటర్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ల పంపులు 40 పీఎస్ఐకి అటూ ఇటూ, కొన్ని అంతకు మించీ ఇస్తాయి. చేతిలో ఉంది కదా అని, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ పెడతాం కదా అని వాటిని వాడొద్దు.

ప్యాకెట్ మీద గంటకు ఎన్ని లీటర్లని రాసి ఉందోనని అంతగా కంగారు పడక్కర్లేదు. 100 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 30 లీటర్లు తాగుతుంది. మామూలు చిన్న పంపు కూడా దానికి రెండు మూడు రెట్లు ఇస్తుంది.

రకాల్లో రెండు చాలు. టకటకమని కొట్టుకునే సాలినాయిడ్ పంపుతో తక్కువ ఒత్తిడి, తక్కువ కరెంటు, తక్కువ తలనొప్పి. రోజువారీ బండికి నా ఓటు దానికే. మోటారుతో తిరిగే రోటరీ పంపు పెద్ద ఇంజిన్లకు. దానికి ఎక్కువ కరెంటు కావాలి, రెగ్యులేటర్ దాదాపు తప్పనిసరి, పెట్రోలు లేకుండా ఉత్తగా తిరిగితే త్వరగా పాడవుతుంది.

కొనేముందు మీ బండి 12 వోల్టులదో 6 వోల్టులదో, బాడీకి కలిపింది బ్యాటరీ నెగెటివో పాజిటివో చూసుకోండి. పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్ మామూలే. లోపల ట్రాన్సిస్టర్ ఉన్న పంపుకు వైర్లు తిరగేసి ఇస్తే అది అక్కడికక్కడే కాలిపోతుంది.

కావాల్సినవి

- పంపు, దానికి వచ్చే రబ్బరు బుష్‌లు
- పంపుకు ముందు పెట్టే ముతక ఫిల్టర్ (70 నుంచి 100 మైక్రాన్లు), కార్బ్యురేటర్‌కు ముందు పెట్టే సన్న ఫిల్టర్ (10 నుంచి 40 మైక్రాన్లు)
- ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే హోస్. దాని మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉంటుంది
- అంచులు నున్నగా ఉన్న ఫ్యూయల్ క్లిప్పులు
- ఒత్తిడి ఎక్కువైతే రెగ్యులేటర్. 0 నుంచి 15 పీఎస్ఐ చూపే గేజ్
- ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టి పంపు కరెంటును కలిపే, తీసే టాకో రిలే, బండి గుద్దుకుంటే ఆ కరెంటును తెంచే ఇనర్షియా స్విచ్, ఫ్యూజు హోల్డర్
- వైరు: సాలినాయిడ్ పంపుకు 1.5 చదరపు మి.మీ., రోటరీకి 2.5
- మెకానికల్ పంపు తీసిన చోట మూయడానికి ప్లేటు, కొత్త ప్యాకింగ్
- మల్టీమీటర్, పెట్రోలు పట్టడానికి ఇనుప డబ్బా, పెట్రోలు మంటలను ఆర్పే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్

గేజ్ విషయంలో ఒక మాట. 100 పీఎస్ఐ గేజ్ మీద 3 పీఎస్ఐ అంటే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. తక్కువ రేంజిది కొనండి.

పని మొదలుపెట్టడం

1. బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. గాలి ఆడే చోట పనిచేయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అది నేల మీదే పాకి గుంటల్లో నిలుస్తుంది. అందుకే సర్వీసు గుంటలో దిగి ఈ పని చేయొద్దు. వేడి బల్బు ఉన్న చేతి దీపానికి బదులు ఎల్ఈడీ టార్చ్ పట్టుకోండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి.

2. ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి, వెలుగుకు పట్టి చూడండి. అడుగున ఎర్రటి పొడి దిగితే ట్యాంకు కడగందే ముందుకు పోవద్దు. కార్బ్యురేటర్ మూత తీసి నీడిల్ మొనను గోటితో తడమండి. చుట్టూ గీరిన వలయం తగిలితే నీడిల్, సీటు రెండూ మార్చండి. మెకానికల్ పంపుతో ఎలాగో నెట్టుకొచ్చిన నీడిల్ కొత్త పంపు ముందు నిలవదు.

3. పంపుకు చోటు చూడండి. ట్యాంకుకు దగ్గరగా, ట్యాంకు అడుగుకు సమానంగానో ఇంకా కిందకో ఉండాలి. ఈ పంపులు తోయడంలో గట్టివి, లాగడంలో వట్టివి. పైగా లాగుతున్న పైపులో ఒత్తిడి తగ్గి పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. పంపును తెచ్చి ఇంజిన్ పక్కన బిగిస్తే మెకానికల్ పంపు జబ్బునే డబ్బులిచ్చి మళ్లీ తెచ్చుకున్నట్టు. సైలెన్సర్ పైపుకు దూరంగా, చక్రం విసిరే రాళ్లు తగలని చోట, బండి అడుగున అన్నిటికంటే కిందికి వేలాడకుండా చూడండి. డిక్కీలో గానీ సీట్ల దగ్గర గానీ పెట్టొద్దు, చిన్న లీకు కూడా లోపల ఆవిరిగా నిలిచిపోతుంది.

4. పంపును రబ్బరు బుష్‌ల మీదే బిగించండి. నేరుగా చాసిస్‌కు బిగిస్తే ఆ టకటక బండంతా వినిపిస్తుంది. బాణం గుర్తు కార్బ్యురేటర్ వైపు చూడాలి. సాలినాయిడ్ పంపైతే బయటికి పోయే మూతి పైకి ఉండేలా నిలువుగానో ఏటవాలుగానో పెట్టండి, లోపల గాలి నిలవదు. రబ్బరు మీద కూర్చున్న పంపుకు ఎర్త్ దానంతట అదే అందదు. వేరే వైరు వేయండి. చాసిస్ మీద రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక బోల్టు బిగించి, దాని మీద గ్రీజు పూయండి.

5. ట్యాంకుకు, పంపుకు మధ్య ముతక ఫిల్టర్. సన్న ఫిల్టర్ ఇక్కడ పెడితే పంపుకు లాగడం కష్టమై కొన్నాళ్లకే అరిగిపోతుంది. సన్నది కార్బ్యురేటర్ వైపు పెట్టండి. ఇంజిన్ దగ్గర ప్లాస్టిక్, గాజు ఫిల్టర్లు వద్దు, లోహపుదే పెట్టండి.

6. పొడవైన దారంతా లోహపు పైపు, కదిలే చోట మాత్రమే రబ్బరు హోస్. రబ్బరు తొడిగే పైపు చివర చిన్న ఉబ్బు లేకపోతే క్లిప్పు ఎంత బిగించినా ఒకరోజు ఊడి వస్తుంది. పైపును అడుగుకో, అడుగున్నరకో ఒకచోట క్లాంపుతో పట్టించండి. రేకు రంధ్రంలోంచి పోయే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. మామూలు పళ్ల క్లిప్పులు మెత్తటి హోస్‌ను కోసేస్తాయి. కొన్నాళ్లకు ఆ కోతలోంచే పెట్రోలు చెమ్మ కడుతుంది. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని పీలిక ఒక్కటి నీడిల్ వాల్వులో ఇరుక్కుంటే చాలు, పెట్రోలు పొంగుతుంది. టేపర్ మర (చివరికి సన్నబడే మర) ఉన్న జాయింటుకు పెట్రోలును తట్టుకునే సీలెంట్ కొంచెం రాయండి. ఫ్లేర్ జాయింటుకు (పైపు చివర గరాటులా విప్పినది) ఏమీ అక్కర్లేదు.

7. మెకానికల్ పంపు తీసేయండి. కొన్ని వీ8 ఇంజిన్లలో దాని వెనుక పుష్‌రాడ్ ఉంటుంది, అదీ తీయాలి. తీసిన చోట కొత్త ప్యాకింగ్ వేసి ప్లేటు బిగించండి. ఇక్కడ కంటికి కనిపించని తప్పొకటి జరుగుతుంది. పాత బోల్టులు పంపు మందానికి తగినవి. పల్చటి ప్లేటుకు అవే వాడితే రంధ్రం అడుగున తగిలి బిగుసుకున్నట్టే ఉంటాయి గానీ ప్లేటును నొక్కవు. రెండు రోజుల తర్వాత నేల మీద ఆయిల్ మరక చూసి ప్యాకింగును తిడతారు. పొట్టి బోల్టులు వాడండి.

   మెకానికల్ పంపును తీయకుండా దాని గుండానే పెట్రోలు పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. పంపొద్దు. దాని డయాఫ్రమ్ చిరిగితే కొత్త పంపు తోసే పెట్రోలు నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది.

8. రెగ్యులేటర్ అవసరమైతే కార్బ్యురేటర్ దగ్గర, ఇంజిన్ వేడి నేరుగా తగలని చోట పెట్టండి. దానికి, కార్బ్యురేటర్‌కు మధ్య ‘T’ ఆకారపు జాయింటు వేసి గేజ్ తగిలించండి. గేజ్ కోసం పెట్రోలు పైపును డాష్‌బోర్డు దాకా లాగొద్దు.

వైరింగ్

9. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా రిలే 30వ పిన్నుకు. 87వ పిన్ను నుంచి ఇనర్షియా స్విచ్ గుండా పంపుకు. మామూలు రిలేలో 86కు ఇగ్నిషన్, 85కు ఎర్త్. టాకో రిలేకు వీటితో పాటు ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చేది) నెగెటివ్ నుంచి ఒక సన్న వైరు వెళ్తుంది. ఇగ్నిషన్ కొట్టుకోవడం ఆగితే రిలే రెండు మూడు సెకన్లలో పంపును ఆపేస్తుంది. పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి దాని మీద అచ్చు వేసిన బొమ్మ చూసే కలపండి. పాజిటివ్ ఎర్త్ బండికి ఈ రిలేల్లో కొన్ని పనికిరావు, అడిగి కొనండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నవాళ్లు దానితో కలుస్తుందో లేదో కూడా అడగాలి.

   ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. సాలినాయిడ్ పంపు 1 నుంచి 2 ఆంప్స్ తీసుకుంటుంది కాబట్టి 5 ఆంప్స్ ఫ్యూజు చాలు. రోటరీకి తయారీదారు చెప్పిందే వేయండి, సాధారణంగా అది 10 దగ్గర ఉంటుంది.

   పంపు కరెంటును కాయిల్ ప్లస్ నుంచి లాగడం అన్నిటికంటే మామూలు తప్పు. అనేక పాత కార్లలో కాయిల్ ముందు బల్లాస్ట్ రెసిస్టర్ ఉంటుంది. దాని తర్వాత బండి నడిచేటప్పుడు 12 వోల్టులు రావు, 6 నుంచి 9 మధ్యే వస్తాయి. పంపు నీరసంగా కొట్టుకుంటుంది, మిగిలిన కొద్ది కరెంటునూ కాయిల్ దగ్గర లాక్కుని ఇంజిన్‌కు మిస్సింగ్ తెస్తుంది.

   టాకో రిలే దొరకకపోతే ఆయిల్ ప్రెషర్ స్విచ్ వాడొచ్చు. కానీ డాష్‌బోర్డు ఎర్ర లైటుకున్న స్విచ్ పనికిరాదు. అది ఒత్తిడి లేనప్పుడు కలుస్తుంది, మనకు కావాల్సింది ఒత్తిడి వచ్చాక కలిసేది. మూడు పిన్నుల రకం కొంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపుకు కరెంటు అందించే దారి కూడా అందులోనే ఉంటుంది.

10. ఇనర్షియా స్విచ్‌ను గట్టి రేకు మీద, నిటారుగా, బటన్ పైకి ఉండేలా, సీట్లోంచి చేయి అందే చోట బిగించండి. ఊగే బ్రాకెట్ మీద పెడితే ప్రతి గుంతకూ బండి ఆగుతుంది. ఇది ఒక్కటే చాలని మాత్రం అనుకోకండి. మెల్లగా పక్కకు ఒరిగిన బండిలో, పైపు ఊడి ఆగిన బండిలో ఈ స్విచ్ కదలకపోవచ్చు. టాకో రిలే ఆపుతుంది.

స్టార్ట్ చేసే ముందు

11. కార్బ్యురేటర్ దగ్గర హోస్ ఊడదీసి ఇనుప డబ్బాలో పెట్టండి. కాయిల్ వైరు తీసేయండి. రిలే తీసి, సాకెట్‌లో 30ని 87ని చిన్న స్విచ్ ఉన్న వైరుతో కలపండి. బ్యాటరీ ఎర్త్ వైరు తిరిగి పెట్టండి. స్విచ్ డబ్బాకు దూరంగా ఉండాలి, ఉత్త వైర్లు తాకించి నిప్పురవ్వలు రానివ్వొద్దు. 30 సెకన్లు పట్టండి. అర లీటరు వస్తే మామూలు ఇంజిన్‌కు బాగా సరిపోతుంది. 100 హార్స్‌పవర్‌కు పావు లీటరు కనీసం రావాలి. ధార మధ్యలో బుడగలు వస్తుంటే పంపుకు ముందున్న జాయింట్లలో ఎక్కడో గాలి పడుతోంది. పెట్రోలు బయటికి కారని జాయింటు కూడా గాలి లోపలికి పీల్చగలదు, అందుకే ఇది కంటికి చిక్కదు.

12. హోస్ బిగించి, మళ్లీ పంపు నడిపి, ప్రతి జాయింటుకూ పొడి టిష్యూ కాగితం చుట్టి తీయండి. వేలికి తెలియని చెమ్మ కాగితం మీద కనిపిస్తుంది.

ఈలోపు చెవి పెట్టి వినండి. సాలినాయిడ్ పంపు మొదట గబగబా కొట్టుకుంటుంది. కార్బ్యురేటర్ గిన్నె నిండి నీడిల్ మూసుకున్నాక టక్... టక్... అని దూరం దూరంగా పడుతుంది. అలా నెమ్మదిస్తే పని బాగుంది. నెమ్మదించకుండా అదే వేగంతో కొట్టుకుంటుంటే గాలి లాగుతోంది, లేదా నీడిల్ మూసుకోక పెట్రోలు ఎక్కడో పొంగుతోంది. ముందు స్విచ్ ఆపి, ఆ తర్వాత వెతకండి.

13. కాయిల్ వైరు, రిలే వాటి చోట పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఐడిల్‌లో నడుస్తుండగా రెగ్యులేటర్‌ను తక్కువ నుంచి పైకి తిప్పుతూ మీ అంకెకు తెచ్చి లాక్‌నట్ బిగించండి. తర్వాత ఇంజిన్ ఆపి, రిలే తీసి, ఆ స్విచ్ ఉన్న వైరు మళ్లీ కలిపి పంపును మాత్రమే నడిపి గేజ్ చూడండి. ముల్లు మెల్లగా పైకి పాకి హద్దు దాటితే ఆ రెగ్యులేటర్‌ను నమ్మొద్దు.

14. ఇంజిన్ నడుస్తుండగా పంపు పిన్నుల దగ్గరే వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి అర వోల్టు కంటే తేడా ఉండకూడదు. ఉంటే తొలి అనుమానం ఎర్త్ మీదే.

15. చివరిది, వదలకూడనిది. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్‌కు వచ్చే సన్న ఇగ్నిషన్ వైరు తీయించండి, తాళం ఆన్‌లోనే ఉండాలి. పంపు దగ్గర ఒకరు చెవి పెట్టాలి. రెండు మూడు సెకన్లలో నిశ్శబ్దం రావాలి. తర్వాత ఇనర్షియా స్విచ్ స్క్రూలు విప్పి, చేతిలో పట్టుకుని, ఇంజిన్ నడుస్తుండగా అరచేతికి గట్టిగా కొట్టండి. బటన్ పైకి ఎగిరి పంపు ఆగాలి. గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ కాసేపు నడిచి ఆగితే కంగారు పడకండి. ఈ రెండు పరీక్షల్లో ఏది తప్పినా బండి రోడ్డెక్కకూడదు.

ఆ తర్వాత ఏదైనా తేడా వస్తే

ఐడిల్‌లో నల్ల పొగ, పెట్రోలు వాసన, నల్లబడ్డ ప్లగ్గులు కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైంది, లేదా ఫ్లోట్ మట్టం తప్పింది. కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పడం కాదు, ముందు గేజ్ చూడండి. ఐడిల్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోతే ఫిల్టర్, క్యాప్ రంధ్రం, పంపు వోల్టేజ్ ఈ వరసలో వెతకండి. వేడి మీద ఆపిన బండి పావుగంట తర్వాత మొండికేస్తే ఇంజిన్ వేడికి పైపులో పెట్రోలు మరుగుతోంది. పైపును మానిఫోల్డ్‌కు దూరంగా జరపండి. అప్పటికీ తగ్గకపోతే రెగ్యులేటర్‌కు, కార్బ్యురేటర్‌కు మధ్య నుంచి 1 మి.మీ. రంధ్రమున్న జెట్ గుండా ట్యాంకుకు రిటర్న్ పైపు వేస్తే ఆవిరి అటు పోతుంది.

మొదటి వారం తర్వాత హోస్ కొంచెం సర్దుకుంటుంది, క్లిప్పులన్నీ ఒకసారి చూడండి. ముతక ఫిల్టర్‌ను కూడా విప్పి చూడాలి. కొత్త పంపు ట్యాంకు అడుగున ఏళ్లుగా పడున్న చెత్తను లాగుతుంది కాబట్టి మొదటి ఫిల్టర్ త్వరగా నిండుతుంది. అలాగే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు వాసన కొడుతూ మట్టం పెరిగి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఎక్కడ పొంగుతోందో కనిపెట్టి, ఆయిల్ మార్చాకే మళ్లీ తాళం తిప్పండి.